స్నేహితుల పార్టీకి కేక్ మీరే చేస్తున్నారా? అమెరికాకు కొత్తగా వచ్చినవాళ్లకు కొన్ని మాటలు

అమెరికాలో తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న ఊళ్లో దిగి నాలుగు నెలలు గడిస్తే చాలు, వారాంతాలు పార్టీలతో నిండిపోతాయి. ఒకరింట్లో పాప మొదటి పుట్టినరోజు, ఇంకొకరింట్లో సీమంతం, మరొకరిది గృహప్రవేశం. పిలిచినవాళ్లు "ఏమీ తేకండి" అనే చెప్తారు. ఖాళీ చేతులతో వెళ్లడానికి మనకు మనసొప్పదు. బేకింగ్ మీద ఇష్టం ఉన్నవాళ్లు "కేక్ నేను చేస్తాలే" అంటారు. చేయండి, తప్పకుండా చేయండి. కొత్త ఊళ్లో మనుషులు దగ్గరవడానికి ఇంతకంటే మంచి మార్గం నాకు తెలియదు. కేక్ అందంగా చేయడం నేర్పే వీడియోలు బోలెడున్నాయి కాబట్టి నేను అవి వదిలేసి, వాటిలో సాధారణంగా చెప్పని విషయాలు చెప్తాను. ఆ కేక్ తినేవాళ్లు లోపల ఏముందో అడగరు. మిమ్మల్ని నమ్మి పిల్లలకు కూడా పెడతారు. కాబట్టి అందులో ఏం పడుతోందో మీకు పూర్తిగా తెలిసి ఉండాలి. ఇంకోటి వీసా సంగతి. అది చివర్లో వివరంగా చెప్తాను.

ముందు ఓవెన్. ఇండియాలో ఓటీజీలోనో కుక్కర్‌లోనో కేక్ చేసిన అలవాటుతో ఇక్కడి పెద్ద ఓవెన్ ముందు నిలబడితే కొంచెం బెరుకుగానే ఉంటుంది. అంకెలన్నీ ఫారెన్‌హీట్‌లో ఉంటాయి. మనకు అలవాటైన 180 సెల్సియస్ దాదాపు ఇక్కడి 350. అద్దె అపార్ట్‌మెంట్లలో పాత ఓవెన్లు 25 డిగ్రీలు ఎక్కువో తక్కువో చూపించడం మామూలే. అందుకే లోపల వేలాడదీసే చిన్న ఓవెన్ థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి. ఓవెన్ వేడెక్కిందని బీప్ కొట్టగానే కేక్ పెట్టేయకుండా ఇంకో పదిహేను నిమిషాలు ఆగండి. ఓవెన్ ఆన్ చేసే ముందు లోపల దాచిన మూకుళ్లు, ప్లాస్టిక్ డబ్బాలు తీశారో లేదో ఒకసారి చూసుకోండి.

కొలతల దగ్గరే ఎక్కువమంది కేకులు దెబ్బతింటాయి. ఇక్కడి రెసిపీలన్నీ కప్పుల్లో ఉంటాయి. అమెరికా కప్పు సుమారు 237 మిల్లీలీటర్లు, ఇండియాలో అమ్మే కప్పుల సెట్‌లో చాలావరకు 240 నుంచి 250 ఉంటాయి. అసలు తేడా పిండిలో వస్తుంది. స్పూన్‌తో కప్పులోకి వేసి పైన చదును చేస్తే మైదా 120 నుంచి 125 గ్రాములు పడుతుంది. కప్పుతోనే డబ్బాలోంచి ముంచి తీస్తే 140 దాటిపోతుంది. రెండున్నర కప్పులు పోసేసరికి 50 గ్రాముల పిండి ఎక్కువవుతుంది, కేక్ ఎండిపోయి గట్టిగా వస్తుంది. చిన్న డిజిటల్ కాటా కొనుక్కుంటే ఈ గొడవే ఉండదు. వెన్న ఒక స్టిక్ అంటే 113 గ్రాములు, అది గుర్తుంటే చాలు. పాన్ సైజు కూడా చూసుకోండి. 8 అంగుళాలకీ 9 అంగుళాలకీ ఒక్క అంగుళమే కదా అనిపిస్తుంది గానీ, వైశాల్యంలో పావు వంతుకు పైగా తేడా ఉంటుంది. 8 అంగుళాల రెసిపీని 9 అంగుళాల పాన్‌లో పోస్తే పల్చగా వచ్చి త్వరగా ఎండిపోతుంది. డెన్వర్ లాంటి ఎత్తైన చోట ఉంటే బేకింగ్ పౌడర్ కొంచెం తగ్గించాలి, లేకపోతే కేక్ బాగా పొంగి మధ్యలో కూలిపోతుంది.

మన పార్టీల్లో గుడ్డు ప్రశ్న రాకుండా ఉండదు. గుడ్డు అసలు తినని వాళ్లుంటారు, శనివారం ముట్టని వాళ్లుంటారు, గుజరాతీ, మార్వాడీ స్నేహితులు కూడా వస్తారు. అందరికీ ఒకే కేక్ అయితే గుడ్డు లేకుండా చేయడమే నయం. నేను ఎప్పుడూ నమ్ముకునేది పెరుగు కేక్. ఒక కప్పు పెరుగు, ముప్పావు కప్పు పంచదార బాగా కలిపి, అందులో ఒకటింపావు టీస్పూన్ బేకింగ్ పౌడర్, అర టీస్పూన్ బేకింగ్ సోడా వేసి ఐదు నిమిషాలు వదిలేయండి. పెరుగు మీద సన్నటి బుడగలు లేచి గిన్నెలో కొద్దిగా పైకి పొంగుతుంది. అది కనబడితే సోడా బాగా పనిచేస్తున్నట్టు. తర్వాత అర కప్పు నూనె, వెనీలా, చివర్లో ఒకటిన్నర కప్పుల మైదా జల్లించి వేసి, పొడి పిండి కనబడకుండా పోగానే కలపడం ఆపేయాలి. ఎక్కువ కలిపితే కేక్ సాగుతుంది. కలిపిన పిండిని పక్కన పెట్టి ఫోన్ మాట్లాడకండి, వెంటనే ఓవెన్‌లో పెట్టండి. 8 అంగుళాల పాన్‌లో 350 దగ్గర 35 నుంచి 40 నిమిషాలు. గ్రీక్ యోగర్ట్ వాడితే మాత్రం కొంచెం పాలు కలిపి పల్చన చేసుకోండి, లేకపోతే పిండి ముద్ద కడుతుంది. పచ్చి పిండి పిల్లలచేత నాకించకండి. గుడ్డు లేదు కదా అనుకుంటాం గానీ పచ్చి మైదాలో కూడా ఈకొలై బ్యాక్టీరియా ఉండొచ్చు. 2016లో ఇక్కడ చాలా రాష్ట్రాల్లో జనం అలాగే జబ్బుపడ్డారు.

పైన క్రీమ్ విషయానికొద్దాం. ఇండియా బేకరీల విప్పింగ్ క్రీమ్‌కు అలవాటుపడ్డ మన నాలుకకు ఇక్కడి బటర్‌క్రీమ్ విపరీతమైన తీపిగా అనిపిస్తుంది. పెద్దవాళ్లు దాన్ని గీకి పక్కన పెట్టేస్తారు. హెవీ క్రీమ్ కొట్టి పూస్తే అందరూ ఇష్టంగా తింటారు. గిన్నె, విస్క్ రెండూ అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, పొడి పంచదార వేసి కొట్టండి. నిలబడడానికి జెలటిన్ వేయమని చాలా రెసిపీల్లో రాస్తారు. జెలటిన్ జంతువుల నుంచి తీసేది, శాకాహారులున్న చోట వద్దు. బదులుగా కొంచెం మాస్కార్పోన్ చీజ్ కలిపితే క్రీమ్ చక్కగా నిలుస్తుంది. తాజా క్రీమ్ కేక్ బయట రెండు గంటలకు మించి ఉండకూడదు. 90 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండ ఉంటే గంటే. మన పార్టీల్లో కేక్ కోయడం అనుకున్న టైముకు జరగదని అందరికీ తెలుసు, అందుకే వెళ్లగానే ఆ ఇంటావిడను అడిగి ఫ్రిజ్‌లో చోటు చేయించుకోండి.

వేసవిలో పెరట్లోనో పార్కులోనో పార్టీ అయితే క్రీమ్ పెట్టుకోకండి. అప్పుడు ఎర్మిన్ ఫ్రాస్టింగ్ అని ఒకటుంది, దాన్ని ప్రయత్నించండి. ఐదు టేబుల్‌స్పూన్ల మైదాను ఒక కప్పు పాలలో ఉడికించి, ముద్దలా అయ్యాక పూర్తిగా చల్లార్చాలి. ఒక కప్పు వెన్న, ఒక కప్పు పంచదార బాగా కొట్టి, అందులో ఆ చల్లారిన ముద్దను కొంచెం కొంచెంగా కలపాలి. గుడ్డు లేదు, తీపి తక్కువ, మెత్తగా ఉంటుంది. అయినా వెన్నే కదా, నీడలోనే ఉంచండి.

ఇప్పుడు నేను గట్టిగా చెప్పాలనుకున్న విషయం. మెరిసే పొడులు. బంగారు రంగు, రోజ్ గోల్డ్, వెండి మెరుపు చల్లిన కేకులు ఫోటోల్లో ఎంత బాగుంటాయో! కానీ బేకింగ్ సామాన్ల మధ్యే అమ్మినంత మాత్రాన అవన్నీ తినేవి కావు. డబ్బా మీద "నాన్ టాక్సిక్" అనో "అలంకరణకు మాత్రమే" అనో ఉంటే అది తినడానికి కాదని అర్థం. తినదగినదైతే "ఎడిబుల్" అని ఉంటుంది, దాంతోపాటు పదార్థాల జాబితా కూడా ఉంటుంది. జాబితా లేకపోతే కొనకండి. 2018లో రోడ్ ఐలాండ్‌లో ఒక పుట్టినరోజు కేక్ తిన్న ఆరుగురు పిల్లలు వాంతులతో జబ్బుపడ్డారు. కేక్ మీద పూసిన బంగారు పొడిలో రాగి చాలా ఎక్కువగా ఉంది. 2019లో మిస్సోరీలో మొదటి పుట్టినరోజు కేక్ తిన్న పసిబిడ్డ రక్తంలో సీసం తేలింది. ఈ రెండింటినీ ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2021లో నివేదికగా ప్రచురించింది. ఏ తల్లీ ఇలాంటిది కావాలని చేయదు, తెలియకే జరుగుతుంది.

రంగుల్లోనూ లేబుల్ చదవాలి. కార్మైన్, కొచినీల్ అని రాసి ఉంటే ఆ ఎరుపు పురుగుల నుంచి వచ్చింది. 2011 నుంచి దాన్ని లేబుల్ మీద పేరు పెట్టి రాయాలన్న నిబంధన ఉంది కాబట్టి వెతికితే దొరుకుతుంది. కన్ఫెక్షనర్స్ గ్లేజ్ అంటే లక్క, అదీ పురుగు నుంచే. స్ప్రింకిల్స్ మీద తరచూ ఉంటుంది. మార్ష్‌మాలోల్లో, మార్ష్‌మాలోతో చేసే ఫాండెంట్‌లో (కేక్ మీద కప్పే పంచదార ముద్ద) జెలటిన్ ఉంటుంది. తాజా పువ్వులు పెట్టాలనిపిస్తే తినడానికని అమ్మే గులాబీలే తీసుకోండి. పూలబొకేలోవి పురుగుమందులు కొట్టినవి. గన్నేరు, హైడ్రాంజియా లాంటివి విషపూరితం, కేక్ దగ్గరికే రానివ్వకండి.

అలర్జీల్ని ఇక్కడ చాలా సీరియస్‌గా తీసుకుంటారు, మనమూ తీసుకోవాలి. పాలు, గుడ్డు, చేప, రొయ్య జాతి, జీడిపప్పు బాదం లాంటి నట్స్, వేరుశెనగ, గోధుమ, సోయా, 2023 నుంచి నువ్వులు, ఈ తొమ్మిదీ ప్రధాన అలర్జీ పదార్థాలుగా చట్టంలో ఉన్నాయి. పార్టీ ఇచ్చేవాళ్లను ముందే అడగండి: "పిల్లల్లో ఎవరికైనా నట్స్ పడవా?" కేక్ పక్కన చిన్న కార్డు మీద ఏమేం వేశారో రాసి పెట్టండి. నువ్వుల పొడి, వేరుశెనగ పొడి తరచూ పట్టే మన మిక్సీ జార్‌లో పంచదార పొడి చేస్తే ఆ జాడలు కేక్‌లోకి వస్తాయి. అందుకే పొడి పంచదార ప్యాకెట్ విడిగా కొని పెట్టుకోండి. ఏడాది లోపు పిల్లలున్న అన్నప్రాసనల్లో తేనె వద్దు, దాని వల్ల వచ్చే బొటులిజం పసివాళ్లకు చాలా ప్రమాదం. బడికి పంపాలంటే టీచర్‌ను అడగకుండా పంపకండి. చాలా బడుల్లో ఇంట్లో చేసినవి ఒప్పుకోరు, లేబుల్ ఉన్న ప్యాకెట్లే తెమ్మంటారు.

తీసుకెళ్లడం గురించి రెండు ముక్కలు. కేక్‌ను రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, గట్టిపడ్డాక ఎత్తైన అట్టపెట్టెలో పెట్టండి. సీటు ఏటవాలుగా ఉంటుంది, కారులో కాళ్ల దగ్గర నేల చదునుగా ఉంటుంది, అక్కడ పెట్టి ఏసీ వేయండి. ఒళ్లో పెట్టుకుంటే ఒంటి వేడికి కింది క్రీమ్ జారుతుంది. పెద్ద పార్టీ అయితే అంతస్తుల కేక్ టెన్షన్ మీకెందుకు? 9 బై 13 పాన్‌లో చేస్తే శుభ్రంగా 24 ముక్కలు వస్తాయి.

ఇక డబ్బు సంగతి. రెండు మూడు పార్టీల తర్వాత ఎవరో ఒకరు అడుగుతారు: "అక్కా, మా బాబు బర్త్‌డేకి చేసిపెడతారా, డబ్బులిస్తాను." వినడానికి సంతోషంగా ఉంటుంది. అయితే స్నేహితులకు కానుకగా చేయడం వేరు, డబ్బు తీసుకోవడం వేరు. హెచ్-4 (హెచ్-1బి ఉద్యోగుల భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద ఉండి ఈఏడీ, అంటే పని అనుమతి కార్డు, లేకపోతే పని చేయడానికి అనుమతి లేదు, కేకులు అమ్మడం కూడా పనే. నగదుగా తీసుకున్నా, ఫోన్‌లో పంపించుకున్నా, గిఫ్ట్ కార్డు తీసుకున్నా, బదులుగా వాళ్లచేత ఏదైనా పని చేయించుకున్నా ప్రతిఫలం ప్రతిఫలమే. 2015 మే నుంచి కొందరు హెచ్-4 వాళ్లకు, ముఖ్యంగా భర్తకో భార్యకో ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే దరఖాస్తు) ఆమోదం వచ్చినవాళ్లకు, ఈఏడీ దొరుకుతోంది. అది చేతిలో ఉంటే సొంత వ్యాపారం కూడా చేసుకోవచ్చు. ఎల్-1 వీసా మీద కంపెనీ బదిలీ చేసి పంపినవాళ్ల భార్యకో భర్తకో 2021 నవంబర్ నుంచి విడిగా ఈఏడీ అక్కర్లేదు. హెచ్-1బి మీద ఉన్నవాళ్లు స్పాన్సర్ చేసిన కంపెనీకి మాత్రమే పని చేయాలి, వారాంతం కేక్ ఆర్డర్లు కుదరవు. ఎఫ్-1 విద్యార్థులు సరదాకి కూడా అమ్మకానికి దిగకండి, వాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే ఎఫ్-2కి అసలు పని అనుమతే లేదు. అనుమతి లేని పని రేపు గ్రీన్ కార్డు దరఖాస్తులో అడ్డం తిరగొచ్చు. "ఆర్డర్స్ ఓపెన్" అని ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన పోస్టు ఎవరైనా చూడొచ్చని మర్చిపోకండి. సామాన్ల ఖర్చు ఎక్కువైందనిపిస్తే, వెన్న, క్రీమ్, పళ్లు వాళ్లనే కొని తెచ్చివ్వమనండి, డబ్బు మీ చేతికి రానక్కర్లేదు. మీ కేసులో ఏ చిన్న సందేహమున్నా ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగండి, స్నేహితుల మాట మీద ఆధారపడకండి.

పని అనుమతి ఉన్నవాళ్లకు తర్వాతి మెట్టు రాష్ట్రం. ఇంటి వంటగదిలో చేసి అమ్మే కాటేజ్ ఫుడ్ నిబంధనలు రాష్ట్రానికొకలా ఉంటాయి. కాలిఫోర్నియాలో 2013 నుంచి ఉన్నాయి. న్యూజెర్సీ అన్నిటికంటే ఆలస్యంగా 2021లో అనుమతించింది. అక్కడ రెండేళ్ల పర్మిట్‌కు 100 డాలర్లు, ఏడాదికి 50,000 డాలర్ల వరకు అమ్ముకోవచ్చు. చాలా రాష్ట్రాల్లో ఫ్రిజ్‌లో పెట్టాల్సినవి, అంటే తాజా క్రీమ్ కేకులు, చీజ్‌కేకులు, కస్టర్డ్ నింపినవి, ఈ పద్ధతిలో అమ్మడానికి ఒప్పుకోరు. బటర్‌క్రీమ్ కేకులు, కుకీలు, బ్రెడ్లకు సాధారణంగా ఇబ్బంది ఉండదు. లేబుల్ మీద పదార్థాలు, అలర్జీ వివరాలు, ఇంటి వంటగదిలో చేసినదన్న మాట ఉండాలి. ఖర్చులు పోను ఏడాదికి 400 డాలర్లు మిగిలినా స్వయం ఉపాధి పన్ను లెక్కలోకి వస్తుంది, కాబట్టి మొదటి ఆర్డర్ నుంచే రసీదులు దాచుకోండి. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు లీజులో ఇంటి నుంచి వ్యాపారానికి ఒప్పుకుంటారో లేదో చూసుకుని, కౌంటీ ఆరోగ్య శాఖ వెబ్‌సైట్‌లో కాటేజ్ ఫుడ్ నిబంధనల పేజీ చదివి, ఆ తర్వాతే ఆర్డర్ ఒప్పుకోండి.