రాబోయే తరాల గురించి మన భక్తి ఏమైనా చెబుతుందా? మా వరవ కాలువ అనుభవం

"మాది దేవుణ్ణి నమ్మే కుటుంబం. భూమి, నీళ్ళు, అప్పు లాంటి విషయాల్లో నిర్ణయం తీసుకునేటప్పుడు రాబోయే తరాల గురించి ఆలోచించమని మన సంప్రదాయంలో ఎక్కడైనా ఉందా? మీరెవరైనా అలా ఆలోచించి నిర్ణయం తీసుకున్నారా?" అని మీరు అడిగారు.

ఉంది. కాకపోతే నేను దాన్ని ప్రవచనాల్లో విని నేర్చుకోలేదు. పొలం అమ్మబోయి నేర్చుకున్నాను, అది కూడా మా ఇంటి తప్పు ఊరంతటికీ తెలిశాక. కొంచెం పొడవుగా ఉంటుంది, ఓపిక చేసుకోండి.

మాది పాకాల వైపు ఒక పల్లె. నేను బ్యాంకు ఉద్యోగిని, కాపురం తిరుపతిలో. ఊళ్ళో మా ముగ్గురన్నదమ్ములకీ కలిపి మూడెకరాల ఇరవై సెంట్లు ఉండేది, చాలావరకు తోతాపురి మామిడి తోట. కొండ వాలు మీద పడిన వాన మా ఊరి చెరువుకు చేరేది వరవ కాలువలోంచే. ఆఫీసు కాగితాల్లో దాన్నే సప్లై ఛానల్ అంటారు. అది మా పొలం మధ్యలోంచి పోతుంది. పోయేది అనాలేమో.

మా నాయన చెడ్డమనిషి కాదు. పెరటాసి నెలలో (సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చే తమిళ నెల) ప్రతి శనివారం ఒక్కపొద్దు ఉండేవాడు. నిలువు నామం పెట్టుకుని, ఏడాదికొకసారి అలిపిరి మెట్ల దోవన కొండెక్కి వచ్చేవాడు. ఆ భక్తిలో నటన లేదు. ఆ మనిషే ఏటా దుక్కి దున్నేటప్పుడు కాలువ గట్టును ఒక అడుగు లోపలికి జరిపేవాడు. వరసగా కరువు ఏళ్ళు వచ్చినప్పుడు కాలువలో నీళ్ళు లేవు, ముళ్ళకంప తప్ప. "ఊరికే పడి ఉండేదానికి నాలుగు చెట్లు పెడితే ఏం పోతాది" అన్నాడు. ఎవరూ అడ్డు చెప్పలేదు. ఎందుకు చెబుతారు? మాకు పైన ఉన్నవాళ్ళూ అదే చేశారు, కింద ఉన్నవాళ్ళూ అదే చేశారు.

చెరువు నిండకపోతే దాని కింద బావులు ఎండుతాయి. బావులు ఎండితే బోర్లు. మా మొదటి బోరు నూట యాభై అడుగుల్లో పడింది. చివరిది వేసిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. నీళ్ళు చూసే ఆయన అరచేతిలో కొబ్బరికాయ అడ్డంగా పెట్టుకుని తోటంతా తిరిగాడు. ఒకచోట కాయ లేచి నిలబడింది. అక్కడ కర్పూరం వెలిగించి, దండం పెట్టి బండి నిలిపారు. తొమ్మిది వందల అడుగులు దాటినా తెల్లటి దుమ్మే. ఆ దుమ్ము మామిడాకుల మీద పడి, మళ్ళీ వాన వచ్చేదాకా తోటంతా సున్నం కొట్టినట్టు ఉండింది. నాయన ఆ రోజు రాత్రి అన్నం తినలేదు. ఆ బోరు కోసం తీసిన అప్పు, ఆయన పోయాక మేం ముగ్గురం పంచుకుని కట్టాం.

అప్పు అంటే గుర్తొచ్చింది. పెళ్ళి కోసం కుబేరుడి దగ్గర అప్పు చేసి, కలియుగం చివరిదాకా వడ్డీ కడతానని ఒప్పుకున్న దేవుడు మనవాడు. ఇరవై ఏళ్ళుగా లోన్లు ఇస్తున్నాను గానీ ఇంత లాంగ్ టర్మ్ లోన్ నేనెక్కడా చూడలేదు. అయినా ఆయన తన పేరు మీదే కడుతున్నాడు, వెనక వచ్చేవాళ్ళ పేరు మీదికి మార్చలేదు. (హుండీలో వేసేది మనమేగా అంటారా, సరే.)

ఇక 2021 నవంబరు. తిరుపతి వీధుల్లో నీళ్ళు ఎలా పారాయో, ఘాట్ రోడ్డు మీద కొండరాళ్ళు ఎలా పడ్డాయో చాలామందికి గుర్తుండే ఉంటుంది. రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని కింది ఊళ్ళను ఖాళీ చేయించారు. మా ఊరి సంగతి పేపర్లో రాలేదు. కొండ మీది నుంచి వచ్చిన నీళ్ళు మా పొలం దగ్గరికి వచ్చేసరికి, ఒకప్పుడు ఎడ్లబండి అడ్డంగా పట్టేంత ఉండిన కాలువ మూడడుగుల బోదె అయిపోయి ఉంది. నీళ్ళు ఆగవు కదా. మా తోటను కోసుకుని, రోడ్డు దాటి, పల్లంలో ఉన్న కాలనీ మీద పడ్డాయి. పదకొండు ఇళ్ళలోకి మోకాలి లోతు బురద. ఒక ఇంట్లో పిల్లల పుస్తకాలు ఆరబెట్టడానికి తడికె మీద వరసగా పరిచి ఉన్నాయి, ఉబ్బిపోయి. ఆ ఇంటామె నన్ను చూసి ఏమీ అనలేదు, "మీ తోటలో చెట్లు పోయినాయంట కదా సార్" అని జాలిపడింది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఇంకో వింత ఏమంటే, ఇంత వానకూ చెరువు నిండలేదు. రావలసిన నీళ్ళు దారి తప్పిపోయాయి.

ఆ తర్వాత ఏడాదికి వెంచర్ వాళ్ళు వచ్చారు. హైవేకి దగ్గర కాబట్టి సెంటు లెక్కన మంచి రేటే చెప్పారు. వెంచర్‌కి పెట్టబోయే పేరు కూడా స్వామివారిదే. "కాలువ సంగతి మాకు వదిలేయండి, ఒక పైపు వేసి పైన రోడ్డు పోసేస్తాం" అన్నారు. భూమిపూజకు ముహూర్తం కూడా వాళ్ళే పెట్టుకుని వచ్చారు. గంగమ్మ దోవను పూడ్చడానికి భూమిపూజ!

మా చిన్న తమ్ముడికి డబ్బు అవసరం. కూతుర్ని పైచదువుకి పంపాలి. వాడడిగిన ప్రశ్న మాత్రం వదిలేసేది కాదు. "అన్నా, రాబోయే తరం రాబోయే తరం అంటావు. మన పిల్లల్లో ఒక్కరు ఈ ఊళ్ళో ఉంటారా? నీ కూతురు బెంగళూరులో, వీళ్ళు ఇంకెక్కడో. ఎవురి కోసం ఆ కాలవ?"

నేను జవాబు చెప్పలేకపోయాను. అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తున్న అమ్మ తలెత్తకుండానే అంది: "గంగమ్మ మన చేను మీద నడిచి పోతాదిరా, అంతే. మనింటికొచ్చిన చుట్టం కాదు. నడిచే దోవలో మీ నాయన ముళ్ళకంప వేసినాడు. మీరు గోడ కడతారా?"

అమ్మకు చదువు రాదు. మా ఊరి చెరువు నిండి మరవ పారితే (నీళ్ళు పొర్లిపోతే) ఆడవాళ్ళు కట్ట మీది గంగమ్మకు పొంగలి పెట్టి, పసుపు, కుంకుమ, గాజులు, రవికగుడ్డ చేటలో పెట్టి నీళ్ళలో వదులుతారు, ఆడబిడ్డకు సారె పెట్టినట్టు. ఆవిడకు తెలిసిన శాస్త్రం అదే. నాకు మాత్రం తమ్ముడి ప్రశ్నకు ఇంకా గట్టి జవాబు కావాలనిపించింది.

మా చెరువు తూము పక్కన ఒక రాతి పలక ఉంది. పైన ఒక పక్క గుండ్రంగా సూర్యుడు, ఇంకో పక్క నెలవంక. కింద అక్షరాలు అరిగిపోయి చేత్తో తడిమితే గరుకుగా తగులుతాయి, అంతే. చిన్నప్పుడు ఈత కొట్టి వచ్చి దాని మీద చొక్కాలు ఆరేసేవాళ్ళం. దానశాసనాల మీద సూర్యచంద్రుల్ని చెక్కేది అందానికి కాదట, "ఆచంద్రార్కం" అని గుర్తు చేయడానికి. సూర్యుడూ చంద్రుడూ ఉన్నంతకాలం ఈ ఏర్పాటు నిలవాలని. మా బ్యాంకులో ముప్ఫై ఏళ్ళ లోన్‌కే పెద్ద మీటింగ్ పెడతారు.

అలాంటి శాసనాల చివర తరచూ కనిపించే శ్లోకాలు రెండున్నాయి. ఒకటి శాపం: "స్వదత్తాం పరదత్తాం వా యో హరేత వసుంధరాం..." తానిచ్చిందైనా, ఇంకొకరు ఇచ్చిందైనా, దానమిచ్చిన భూమిని లాక్కున్నవాడు అరవై వేల ఏళ్ళు మలంలో పురుగై పుడతాడు అని. రెండోది నాకు ఎక్కువ నచ్చింది. "దానపాలనయోర్మధ్యే దానాచ్ఛ్రేయోనుపాలనం." దానం చేయడానికీ, చేసినదాన్ని కాపాడడానికీ మధ్య, కాపాడడమే గొప్పదని. అంటే చెరువు తవ్వించిన రాజుకన్నా, దాని కాలువ పూడకుండా చూసుకున్న మామూలు రైతుకే పుణ్యం ఎక్కువ. మేము చెరువులు తవ్వించక్కర్లేదు, ఉన్నదానికి అడ్డం పడకుండా ఉంటే చాలు. అది కూడా చేయలేదు మేము.

తిరుమల శాసనాలను దేవస్థానం 1930ల్లో సంపుటాలుగా అచ్చు వేసింది. అందులో విజయనగర కాలపు దానాల పద్ధతి చూస్తే ముచ్చటేస్తుంది. దాత డబ్బు ఇస్తాడు. ఆ డబ్బు పెట్టి గుడి కింద ఉన్న ఊళ్ళలో చెరువులు, కాలువలు తవ్విస్తారు, పాతవి బాగు చేయిస్తారు. నీళ్ళు వచ్చాక పెరిగిన పంటలోంచి స్వామికి నైవేద్యం సాగుతుంది. నైవేద్యం ఆగకూడదంటే కాలువ ఆగకూడదు. నేను ప్రతి సంక్రాంతికీ హుండీలో వేసే నోటు గురించి ఆలోచిస్తే సిగ్గేసింది.

కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనం (1369) ఇంకా ముందుకు పోయింది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు పెట్టి రెండేళ్ళు కట్టించాడు. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో వరసగా చెప్పారు. నీళ్ళ రాక తక్కువై, తడపాల్సిన నేల ఎక్కువ కావడం ఆ ఆరింటిలో ఒకటి. మా చెరువుకు ఆ దోషం పుట్టుకతో లేదు, మా నాయన, ఆయన ఇరుగుపొరుగు కలిసి తెచ్చిపెట్టారు.

తమ్ముడికి జవాబు మాత్రం ఇంకోచోట దొరికింది. మనవాళ్ళు సప్త సంతానాలు అంటారు చూడండి: కొడుకు, చెరువు, గుడి, వనం, కావ్యం, నిధి, అగ్రహారం. ఏడింటిలో సొంత రక్తం ఒక్కటే. మిగతా ఆరూ ఎవరెవరి పిల్లలకో పనికొచ్చేవి. చెరువుకు నువ్వు తండ్రివి అన్నారు గానీ, ఆ నీళ్ళు నీ కొడుకే తాగాలని ఎక్కడా అనలేదు. తమ్ముడితో ఇదే అన్నాను. "మన పిల్లలు ఊళ్ళో ఉండరు, నిజమే. తడికె మీద పుస్తకాలు ఆరబెట్టుకున్న ఆ పిల్లలు ఉంటారు."

వాడు వెంటనే కరిగిపోయాడని అనుకోకండి. "నా కూతురి ఫీజు ఆ పిల్లలు కడతారా" అన్నాడు. అదీ న్యాయమే. ధర్మం చెప్పేవాడు తన వాటాలోంచి మొదలుపెట్టాలి కదా. చివరికి కుదిరింది ఇది. సర్వేయర్‌ని పిలిచి, ఎఫ్‌ఎంబీ (పొలం హద్దులు, కొలతలు చూపే సర్వే పటం) నకలు ప్రకారం కాలువ అసలు వెడల్పు కొలిపించాం. అందులో మా చెట్లు పద్నాలుగు. 2023 వేసవిలో వాటిని కొట్టించి, జేసీబీతో రెండు రోజులు పూడిక తీయించి, గట్లు వేయించాం. అది పోగా మిగిలిన నేలలో తమ్ముడి వాటా మాత్రం అమ్మాం, వెంచర్‌కి కాదు, పక్క రైతుకి. రేటు బాగా తగ్గింది. ఆ తేడాలో కొంత నేనూ, కొంత మధ్య తమ్ముడూ వేసుకున్నాం. నా భార్య కారు మార్చుదామని పెట్టుకున్న డబ్బు అది. ఆమె ఒక వారం ముభావంగా ఉంది, తర్వాత సర్దుకుంది. చిన్న తమ్ముడు ఇప్పటికీ ఫోన్ చేస్తే రెండు మాటల్లో పెట్టేస్తాడు. చెట్లు కొట్టే రోజు గొడ్డలి పడుతుంటే నాకే గుండె పిండేసింది, అవి నాయన చేత్తో పెట్టినవి.

"అంతా స్వామి చూసుకుంటాడు" అనేవాళ్ళతో నాకు పేచీ అందుకే. చిన్నప్పటినుంచీ నేనూ అన్న మాటే అది. కానీ బోరు వేసేటప్పుడు, గట్టు జరిపేటప్పుడు, రిజిస్ట్రేషన్ ఆఫీసులో సంతకం పెట్టేటప్పుడు మనమే చూసుకుంటాం, దాని ఫలితం వచ్చేటప్పుడు మాత్రం ఆయన మీదికి తోస్తాం. పితృరుణం అంటే ఏటా తద్దినం పెట్టడమే అనుకునేవాణ్ణి. పెద్దవాళ్ళకు ఉన్న అప్పును వాళ్ళకే తిరిగి కట్టలేం, తర్వాత వచ్చేవాళ్ళకే కట్టాలి. పెద్దవాళ్ళు తప్పు చేసి ఉంటే దాన్ని సరిచేయడం కూడా ఆ అప్పులోకే వస్తుందని ఇప్పుడు అనుకుంటున్నాను. ఆ ఏడు తద్దినం రోజు నాయన ఫోటో ముందు నిలబడి, చెట్లు కొట్టించామని చెప్పాను. అమ్మ పక్కనే ఉండి, "ఆయన ఏమనుకోడులే" అంది.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వానలకు కాలువలో నీళ్ళు గట్టు దాటకుండా పారాయి. కాలనీలోకి చుక్క రాలేదు. చెరువు మాత్రం సగానికి కొంచెం పైన ఆగింది. మాకు పైన ఇంకొక ఆసామి పొలంలో కాలువ అలాగే పూడి ఉంది, సగం నీళ్ళు అక్కడే పక్కకు తిరుగుతున్నాయి.

మీరు పొలం అమ్మే ఆలోచనలో ఉండి ఈ ప్రశ్న అడిగారేమో తెలియదు. అలా అయితే ముందు అడంగల్ (భూమి ఎవరిది, ఏ పంట అని రాసి ఉండే రెవెన్యూ లెక్క) ఒక్కటే చూసి ఊరుకోకండి, ఎఫ్‌ఎంబీ నకలు తీసుకుని, వంక, కాలువ, బాట ఎక్కడ పోతున్నాయో పొలంలో నడిచి చూడండి. ఊళ్ళో డెబ్బై ఏళ్ళు దాటిన ఒకరిద్దరిని వెంట తీసుకెళ్ళండి, కాగితంలో లేనిది వాళ్ళు కాలితో చూపిస్తారు.

పైన ఉన్న ఆసామి దగ్గరికి నేను రెండుసార్లు వెళ్ళాను. కాఫీ ఇచ్చి పంపించాడు. మండలం ఆఫీసులో అర్జీ పెట్టమని ఊళ్ళో కొందరంటున్నారు. అమ్మ వద్దంటోంది. "వాళ్ళమ్మా నేనూ ఒకే చేటలో గంగమ్మకు గాజులు వదిలినోళ్ళం, నన్ను తీసుకుపో" అంది. వచ్చే శుక్రవారం ఆమెను తీసుకుని వెళ్తున్నాను.