సుత్తి ఎత్తే ముందు

చిట్టీ,

సెలవుల్లో పాత క్వారీకి వెళ్లి పలుగురాయి స్ఫటికాలు వెతుకుతానన్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. రాళ్ల పిచ్చి మన ఇంట్లో నాతోనే ఆగిపోతుందనుకున్నాను. ఎంత సంతోషమేసిందో! ఆ వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది.

హెల్మెట్, కళ్లద్దాలు, గట్టి బూట్లు మర్చిపోకు. క్వారీ వాళ్లను అడిగే వెళ్లు. ఒంటరిగా వద్దు.

భూమి లోతుల్లో బాగా వేడెక్కిన నీరు, పైనుంచి ఒత్తిడి కూడా తోడై, చుట్టూ ఉన్న రాళ్లలోని సిలికాను, అంటే పలుగురాయి తయారయ్యే పదార్థాన్ని, కరిగించుకుని పగుళ్ల వెంట కదులుతుంది. వేడి తగ్గినా, ఒత్తిడి పడిపోయినా అంత సిలికా ఇక నీటిలో నిలవదు, పగులు గోడలకు పట్టుకుంటుంది. పగులంతా నిండిపోతే మనకు కనిపించేది తెల్లటి చారే. మధ్యలో ఖాళీ మిగిలితేనే గోడల నుంచి లోపలికి ఆరు పలకలతో, మొనతో స్ఫటికాలు పెరుగుతాయి. అందుకే చార కనిపించగానే కొట్టకు, దాని వెంటే వెళ్లు. చార ఎక్కడ వెడల్పయిందో, ఎక్కడ మట్టి నిండిన బొరియ ఉందో అక్కడ ఆగు. ఉలి పక్క రాయి మీదే పెట్టు. ఖనిజాల గట్టిదనం చెప్పే, 10 దాకా ఉండే మోహ్స్ కొలతలో 7 అంత గట్టిదైనా, సుత్తి దెబ్బకు స్ఫటికం పెచ్చులుగా లేచిపోతుంది.

నాతో పనిచేసిన ఒకతను చల్లటి బొరియలోంచి అరచెయ్యంత స్ఫటికం తీశాడు. మొన కూడా చెదరలేదు. వెలుతురుకు ఎత్తి లెన్స్‌తో చూస్తే లోపల నీటి చుక్క, అందులో అటూ ఇటూ జరిగే బుడగ! స్ఫటికం పెరుగుతున్నప్పుడు చిక్కుకుపోయిన నీరది. చల్లారేకొద్దీ నీరు కుంచించుకుపోవడంతో ఆ ఖాళీలో బుడగ ఏర్పడింది. ల్యాబ్‌లో మైక్రోస్కోప్ కింద మెల్లగా వేడిచేస్తే ఒక ఉష్ణోగ్రత దగ్గర బుడగ మాయమవుతుంది. స్ఫటికం కనీసం అంత వేడిలో పుట్టిందని అప్పుడు తెలుస్తుంది. మేం ఆ పని చేద్దామనుకునేలోపే, మట్టి త్వరగా వదులుతుందని అతను దాన్ని మరిగే నీళ్లలో వేశాడు. టప్‌మని చప్పుడు. పైభాగం వేడికి వ్యాకోచించింది, లోపలింకా చల్లగానే ఉంది. నిలువునా వచ్చిన నెర్ర ఆ నీటి చుక్క మీదుగానే పోయింది. చుక్కా లేదు, బుడగా లేదు. అది ఎంత వేడిలో పుట్టిందో తెలుసుకునే దారే పోయింది. ఇప్పటికీ తలచుకుంటే నాకు కడుపు రగులుతుంది.

నువ్వలా తొందరపడితే ఊరుకోను. తీసినదాన్ని మట్టితోనే పాత గుడ్డలో చుట్టి నీడన పెట్టు. బయటి వేడికి అలవాటయ్యాక మామూలు నీళ్లతో, మెత్తటి బ్రష్‌తో కడుగు. ఊదా రంగుది దొరికితే ఎండలో వదిలేయకు, రంగు వెలిసిపోవచ్చు.

నా అసలు భయం దుమ్ము. పొడి రాయిని కొడితే లేచే సన్నటి సిలికా ఊపిరితిత్తుల్లో పేరుకుంటే సిలికోసిస్ వస్తుంది. దాన్ని నయం చేసే మందు లేదు. నీళ్లు చల్లుకుంటూ కొట్టు. ముక్కుకు చున్నీ కట్టుకున్నానంటే వినను, ఎన్-95 మాస్క్ పెట్టుకోవాల్సిందే. చిన్నప్పుడు గౌను జేబు నిండా గులకరాళ్లతో నా ఒళ్లోనే నిద్రపోయిన పిల్లవి నువ్వు, నాకు ఆ మాత్రం బెంగ ఉండదా తల్లీ?

స్ఫటికాన్ని కదిలించే ముందు పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి నాకు పంపు. ఎంత ఎండగా ఉన్నా, నీడ ఉంది కదాని క్వారీ గోడ కింద మాత్రం కూర్చోకు.

పెద్దమ్మ