ఫైలులో ‘ఆంటీ’ అని ఉంది, ఎవరికి ఏమవుతుందో ఎవరూ అడగలేదు

అడిగిన ప్రశ్న: అమెరికాలో ఫాస్టర్ కేర్‌లో, అంటే సొంత ఇంటి నుంచి తీసుకువచ్చి తాత్కాలికంగా వేరేవాళ్ల ఇళ్లలో ఉంచే ఏర్పాటులో, ఉన్న పిల్లలకు త్వరగా శాశ్వతమైన కుటుంబం దొరకడానికి చుట్టూ ఉన్న మనుషులు కలిసి చేయగలిగినది ఏమైనా ఉందా, లేక అది పూర్తిగా కోర్టులూ ప్రభుత్వ శాఖలూ చూసుకోవలసిన పనేనా?

నేను కొన్నేళ్లుగా కాసా (CASA) కార్యకర్తగా, అంటే ఇలాంటి పిల్లల తరఫున మాట్లాడడానికి కోర్టు నియమించే వాలంటీరుగా, పనిచేస్తున్నాను. ముప్పై గంటల శిక్షణ పూర్తయ్యాక న్యాయమూర్తి నన్ను ఒక పిల్లవాడి కేసులో నియమిస్తే, ఆ పిల్లవాణ్ణి తరచుగా కలుస్తూ, అతని చుట్టూ ఉన్న పెద్దలందరితో మాట్లాడి, అతనికి ఏది మేలో కోర్టుకు రాసి ఇవ్వడం నా పని. దీనికి జీతం ఉండదు. పిల్లల గురించి తగినంత తెలియకుండానే వారి జీవితాలపై తీర్పు చెప్పవలసి వస్తోందని మథనపడిన డేవిడ్ సూకప్ అనే న్యాయమూర్తి 1977లో సియాటిల్‌లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఇప్పుడు కాగితాలకు కొరత లేదు, కొన్ని ఫైళ్లను రెండు చేతులతో ఎత్తవలసి ఉంటుంది. ఆ కాగితాలను పక్కపక్కన పెట్టుకొని చదివే మనిషికే కొరత. అందుచేత మీ ప్రశ్నకు నా సమాధానం సూటిగా చెబుతాను: కోర్టు ఒక్కటే ఈ పని చేయలేదు, ఎందుకంటే పిల్లవాడికి ఇల్లు ఎక్కడుందో తెలిసిన మనిషి చాలాసార్లు కోర్టులో ఉండరు.

నాకు అప్పగించిన కేసుల్లో ఒక పదకొండేళ్ల అబ్బాయి ఉండేవాడు. అతణ్ణి ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చి చెబుతున్నాను. మూడేళ్లలో నాలుగు ఇళ్లు మారాడు. మారిన ప్రతిసారీ అతని బట్టలు నల్లని చెత్త సంచిలో కట్టి పంపారు. ప్రతి వస్తువుకూ ఒక పెట్టె తయారుచేసే దేశంలో పిల్లవాడి బట్టలకు మాత్రం చెత్త సంచి ఎందుకు దొరుకుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నేను వచ్చేసరికి ఫైలులో అతని భవిష్యత్తుకు ఎదురుగా ‘దత్తత’ అనీ, దాని కింద ‘బంధువులు ఆసక్తి చూపలేదు’ అనీ రాసి ఉంది.

పిల్లలను ఇంటి నుంచి తీసుకువచ్చిన 30 రోజుల్లోగా వయోజనులైన బంధువులను వెతికి తెలియజేయాలని 2008 నాటి చట్టం చెబుతోంది. ఆ చట్టం తల్లివైపు, తండ్రివైపు అని తేడా చూపదు. తేడా ఆచరణలోనే వస్తుంది: తండ్రి జైలులోనో, జాడ తెలియకుండానో ఉంటే ఆయన తోబుట్టువులందరూ ఆయనతోపాటే మాయమైపోయినట్టు లెక్క వేస్తారు. ఈ ఫైలులో ‘ఆంటీ’ పేరుతో ఒకే ఒక ఉత్తరం వెళ్లింది, ఆ చిరునామాలో ఎవరూ లేరని తిరిగి వచ్చింది. తరువాతి నివేదికలన్నీ ‘ఆంటీ: స్పందన లేదు’ అన్న వాక్యాన్నే ఒకదాని నుంచి మరొకటి ఎత్తి రాసుకుంటూ పోయాయి.

ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. మన భాషలో ఆ వాక్యాన్ని అలా రాయడమే కుదరదు. తల్లికి అక్క అయితే పెద్దమ్మ, చెల్లెలు అయితే పిన్ని, తండ్రి తోబుట్టువు అయితే మేనత్త. వరుస తెలియకుండా మనం బంధువును పిలవనైనా లేము. ఈ ఆంటీ ఎవరికి ఏమవుతుందని కేస్‌వర్కర్‌ను, అంటే పిల్లల సంక్షేమ శాఖ తరఫున ఈ కేసు చూసే ఉద్యోగిని, అడిగాను. ఆమె ఈ కేసుకు మూడవ కేస్‌వర్కర్, వచ్చి రెండు నెలలే అయింది. తనకు తెలియదని నిజాయితీగా ఒప్పుకుంది. ఆమెను నేను తప్పుపట్టను, కానీ కేసు చేతులు మారిన ప్రతిసారీ పిల్లవాడి బంధువుల గురించిన జ్ఞాపకం కొంత జారిపోతుందన్న విషయాన్ని శాఖలోని పెద్దలు ఎప్పుడూ పైకి ఒప్పుకోరు.

పిల్లవాడి కేసు గురించి మేమందరం జరుపుకునే ఆ నెల సమావేశం మామూలుగా జరిగి ఉంటే మా మా ఫోన్లలోంచి ఎవరి పేరా వారు చదివి ముగించేవాళ్లం. అలాంటి సమావేశాల్లో సగానికి సగం వృథా అని నా అభిప్రాయం. ఈసారి అందరూ మనుషులుగా వచ్చి కూర్చోవాలని ఫాస్టర్ తల్లి పట్టుబట్టింది. కేస్‌వర్కర్, పిల్లవాడి లాయరు, థెరపిస్టు, నేను ఉన్నాం. చికిత్స పొందుతున్న కన్నతల్లి కూడా వచ్చి బల్ల చివర కూర్చుంది. ఎప్పుడూ పిలవని బడి కౌన్సెలర్‌ను కూడా పిలిచారు. ఆ కౌన్సెలర్ చదువు గురించి చెబుతూ, మాటవరసకు, తరగతిలో వంశవృక్షం గీయమన్నప్పుడు అబ్బాయి తండ్రివైపు కొమ్మ మీద ఒక స్త్రీ బొమ్మ వేసి, పక్కన సైకిలు గీశాడని చెప్పింది. తనకు సైకిలు తొక్కడం నేర్పింది ఆమేనని అన్నాడట.

అప్పటిదాకా నోరు విప్పని తల్లి ఒక పేరు చెప్పింది. ఆమె పిల్లవాడి తండ్రికి అక్క. ఉత్తరం తీసుకోని ‘ఆంటీ’ మాత్రం తల్లివైపు దూరపు బంధువు. మీరు ముందే ఎందుకు చెప్పలేదని లాయరు అడిగితే, మీకు ఎవరున్నారని నన్ను అడిగారు, వాళ్లు నావాళ్లు కారు కదా, అంది. ఆడబిడ్డతో పాత గొడవలున్నాయనీ, పిల్లవాడు అక్కడికి వెళితే తనకు మళ్లీ కనిపించడని భయపడ్డాననీ మెల్లగా బయటపెట్టింది. ఆ భయానికి మా ఎవరి దగ్గరా సమాధానం లేదు. ఫాస్టర్ తల్లి మాత్రం, ప్రతి ఆదివారం మీకు ఫోను కలుపుతున్నది నేనే కదా, వాడు అక్కడికి వెళ్లాక కూడా ఆ ఫోను ఆగకుండా ఆమెతో నేనే మాట్లాడతాను, అంది. తల్లి సంచిలోంచి ఫోను తీసి నంబరు చదివింది. మూడేళ్లుగా అది ఆమె సంచిలోనే ఉంది.

ఇలాంటి కూడికకు అందమైన నమూనా న్యూజిలాండ్‌లో ఉంది. మావోరీ కుటుంబాల ఆలోచనా విధానం నుంచి తీసుకొని అక్కడ 1989లోనే కుటుంబ సమావేశాన్ని చట్టంలో చేర్చారు. అందులో నాకు నచ్చిన భాగం ఏమిటంటే, అధికారులు తెలిసినదంతా చెప్పి గదిలోంచి బయటకు వెళ్లిపోతారు, కుటుంబం ఒంటరిగా కూర్చొని ఒక ప్రణాళిక తయారుచేస్తుంది. ఆ పద్ధతిని ఇక్కడ కూడా చాలాచోట్ల తీసుకున్నారు గాని, నేను చూసిన సమావేశాల్లో బయటకు వెళ్లే భాగాన్ని మాత్రం వదిలేశారు. జీతం తీసుకునేవాళ్లు గదిలో ఉన్నంతసేపు కుటుంబం నోరు తెరవదు.

మేనత్త వేరే రాష్ట్రంలో ఉంటుంది. రాష్ట్రాల మధ్య ఒప్పందం ప్రకారం ఆమె ఇంటిని అక్కడి శాఖ పరిశీలించాలి. ఆ పరిశీలన 60 రోజుల్లో పూర్తి కావాలని 2006 నాటి చట్టం చెబుతున్నా, మాకు ఐదు నెలలు పట్టింది. ఈలోగా మరో గడియారం నడుస్తూ ఉంటుంది. పిల్లవాడు గడచిన 22 నెలల్లో 15 నెలలు ఫాస్టర్ కేర్‌లో ఉంటే, కొన్ని మినహాయింపులు తప్ప, తల్లిదండ్రుల హక్కుల రద్దుకు శాఖ దావా వేయాలని 1997 నాటి చట్టం ఆదేశిస్తుంది. మేనత్త ఇంట్లో అబ్బాయికి వేరే గది లేదన్నది వచ్చిన అభ్యంతరం. బంధువుల ఇళ్లకు వేరే ప్రమాణాలు పెట్టుకోవడానికి రాష్ట్రాలకు వీలు కలిగించిన నిబంధన 2023 సెప్టెంబరులో గాని రాలేదు, మా కేసు అంతకు ముందుది. మేనత్తతో పనిచేసేవాళ్లు ఇద్దరు వారాంతంలో వచ్చి పెద్ద గదికి అడ్డుగోడ కట్టారు. కౌన్సెలర్ బడి కాగితాలను ముందుగానే పంపింది. న్యాయమూర్తి వెంటనే విచారణ తేదీ ఇచ్చేలా నేను రాసిన నివేదికలో మర్యాద కొంచెం తగ్గింది.

సమాజం ఏం చేయగలదని అడిగారు కాబట్టి ఒక ఫిర్యాదు కూడా చెప్పుకోనివ్వండి. ఏటా డిసెంబరులో ఈ పిల్లల కోసం బొమ్మలు బస్తాలకొద్దీ వస్తాయి. వేరే ఇంట్లో పెరుగుతున్న చెల్లెలి దగ్గరికి ఒక పిల్లవాణ్ణి నెలకు రెండుసార్లు కారులో తీసుకువెళ్లడానికి మాత్రం మనిషి దొరకరు. అడ్డుగోడ కట్టిన ఆ ఇద్దరికీ తాము ఫాస్టర్ కేర్‌కు సాయం చేశామని తెలియనైనా తెలియదు.

చివరకు దత్తత అవసరం రాలేదు. న్యాయమూర్తి మేనత్తను చట్టబద్ధమైన గార్డియన్‌గా నియమించారు. అందువల్ల తల్లి హక్కులు రద్దు కాలేదు, ఆదివారం ఫోను కొనసాగుతోంది. ఫాస్టర్ తల్లి చక్రాల పెట్టె ఒకటి కొనిచ్చింది. ప్రయాణానికి వారం ముందునుంచే అబ్బాయి దాన్ని ఖాళీగా ఇల్లంతా లాగుతూ తిరిగాడట. నా ఆఖరి నివేదికలో ‘తండ్రికి అక్క’ అని ప్రతిచోటా పూర్తిగా రాశాను. కోర్టు ఉత్తర్వు చేతికి వచ్చాక చూస్తే, అందులో ‘ఆంటీ’ అని ఉంది. ఈసారికి ఊరుకున్నాను.