మీరు అడగండి, మేం చెప్తాం: సీటు మారని ఎమ్మెల్యేలు

ప్రశ్న: ఓటమి లేకుండా ఒకే సీట్లో ఎక్కువ ఏళ్లు ఎమ్మెల్యేగా ఉన్నది కరుణానిధే కదా సార్? మా ఆఫీసులో పందెం నడుస్తోంది. (ఓ పాఠకుడు, ఒంగోలు)

జవాబు: పందెం పోయినట్టేనండి. కరుణానిధి 13 సార్లు నిలబడి 13 సార్లూ గెలిచారు, నిజమే, కానీ కుళిత్తలై, తంజావూరు, సైదాపేట, అణ్ణానగర్, చేపాక్కం, తిరువారూరు... ఇలా సీట్లు మారుతూ వచ్చారు. సీటు మారకుండా అంటే కేరళలో కొట్టాయం జిల్లాకే పోవాలి. అక్కడ పాలా నుంచి కె.ఎం. మాణి 13 సార్లు గెలిచారు (1965లో గెలిచిన మొదటిసారి ఆ అసెంబ్లీ ఒక్కరోజు కూడా కూర్చోకుండానే రద్దయిపోయింది, పాపం). అదే జిల్లాలో పుతుప్పల్లి నుంచి ఊమెన్ చాండీ 1970 నుంచి 2023లో చనిపోయేదాకా వరసగా 12 సార్లు. రోజులు లెక్కేస్తే 2022 ఆగస్టులో మాణి రికార్డు కూడా దాటేశారు.

ప్రశ్న: చాండీ అంటే మన ఆంధ్రాకి వచ్చినాయనేనా? అన్నిసార్లు ఎలా గెలిచాడు? (ఓ పాఠకురాలు, కర్నూలు)

జవాబు: ఆయనేనమ్మా. 2018లో కాంగ్రెస్ ఆంధ్రా ఇన్‌ఛార్జిగా వేసింది, అప్పటికే ఇక్కడ ఆ పార్టీ సున్నా, 2019లోనూ సున్నాయే, ఆయన మాత్రం ఏం చేస్తాడు!

ఇక గెలుపు సంగతి. 27 ఏళ్లు నిండకముందే సీపీఎం సిట్టింగ్ ఎమ్మెల్యేని ఓడించి అసెంబ్లీకి వెళ్లాడు, తర్వాత రెండుసార్లు సీఎం అయినా ఊరు వదల్లేదు, తిరువనంతపురంలో ఉన్న ఇంటికి కూడా పుతుప్పల్లి అనే పేరు పెట్టుకున్నాడు, ఆదివారం వచ్చిందంటే సొంతూళ్లో ఉండాల్సిందే, ఇంటి వాకిట్లో కాయితాలు పట్టుకుని జనం. వాళ్లకి ఆయన చాండీ గారు కాదు, కుంజూంజు. సీఎంగా ఉన్నప్పుడు జనసంపర్కం అని జిల్లా జిల్లా తిరిగి, తల దువ్వుకోని అవతారంతోనే, అర్జీలు తీసుకుని అక్కడికక్కడే ఆర్డర్లు రాసేవాడు, అర్ధరాత్రి దాటినా లేచేవాడు కాదు. దానికి 2013లో ఐక్యరాజ్యసమితి అవార్డు కూడా వచ్చింది. విలేజ్ ఆఫీసర్ చేయాల్సిన పని సీఎం చేయడమేంటని ప్రతిపక్షం వెక్కిరించింది, నన్నడిగితే ఆ మాటలో కొంత న్యాయం ఉంది, కానీ అర్జీ పట్టుకుని నిలబడ్డ ముసలమ్మకి ఆ వాదనతో పనేముంది?

అలాగని ఓట్లు ఊరికే రాల్లేదు. 2011లో 33,255 మెజారిటీ ఉంటే 2021కి 9,044కి పడిపోయింది.

ప్రశ్న: మరి వారసులు? (అదే పాఠకురాలు)

జవాబు: పుతుప్పల్లి చాండీ కొడుకుని 2023 ఉప ఎన్నికలో 37,719 మెజారిటీతో గెలిపించింది. పాలాలో వేరే కథ, మాణి చేతిలో మూడుసార్లు ఓడిన మాణి సి. కాప్పన్ ఆయన పోయాక 2019 ఉప ఎన్నికలో గెలిచాడు, 2021లో మాణి కొడుకునీ ఓడించాడు.