పాఠకుల ప్రశ్నలు: మ్యాచ్ చూడాలంటే ఎన్ని చందాలు కట్టాలి?

ప్రశ్న: ఒకప్పుడు ఐపీఎల్ ఫోన్‌లో ఊరికే వచ్చేది. ఇప్పుడు దానికో యాప్, ఆసియా కప్‌కి ఇంకోటి, మా అబ్బాయి చూసే కార్ల రేసులకి మరోటి. అన్నీ కడితే కేబుల్ బిల్లు కంటే ఎక్కువవుతోంది. ఏది ఉంచుకోవాలి, ఏది మానాలి? (పాలకొల్లు నుంచి ఓ పాఠకుడు)

జవాబు: ఉచితం ఎందుకు పోయిందో తెలిస్తే మళ్లీ వస్తుందేమోనన్న ఆశ వదులుకోవచ్చు. 2022 జూన్‌లో జరిగిన వేలంలో 2023–27 ఐపీఎల్ టీవీ హక్కులు స్టార్‌కి 23,575 కోట్లకూ, ఫోన్‌లో చూపించే హక్కులు వయాకామ్18కి 20,500 కోట్లకూ పోయాయి. ఫోన్ హక్కులంటే మ్యాచ్‌కి 50 కోట్లన్నమాట. జనాన్ని అలవాటు చెయ్యడానికి 2023, 2024 సీజన్లు వయాకామ్18 వాళ్ల జియోసినిమాలో ఉచితంగా వదిలారు. 2024 నవంబరులో రెండు సంస్థలూ కలిసిపోయాయి. 2025 ఫిబ్రవరి 14న జియోసినిమా, స్టార్ వాళ్ల హాట్‌స్టార్ కలిసి జియోహాట్‌స్టార్ అనే ఒకే యాప్ అయ్యాయి. ఎదురుకొట్టు లేనప్పుడు బేరం ఎవరిస్తారు?

ఇక మీ లెక్క. యాప్‌ల పేర్లు కాదు, ముందు కాలెండరు తీయండి. ఐపీఎల్ నడిచేది రెండు నెలల పైచిలుకు, కాబట్టి మూడు నెలల ప్లాన్ చాలు. జియోహాట్‌స్టార్ మొదలైనప్పుడు మూడు నెలలకి మొబైల్ ప్లాన్ 149, సూపర్ 299, ప్రీమియం 499. ఏడాదికైతే 499, 899, 1,499 ఉండేవి. ఈ ధరలు మారుతూంటాయి, కట్టేముందు యాప్‌లో చూసుకోండి. ఏడాదిలో మీరు నిజంగా చూసేది ఒక్క ఐపీఎలే అయితే ఏడాది ప్లాన్ దండగ. కబడ్డీ కూడా చూసే ఇల్లయి, అదీ అదే యాప్‌లో వస్తే, ఆ సీజనుకి ఇంకో మూడు నెలలది కట్టినా పై ధరల్లో ఏడాదిదానికంటే తక్కువే. ఏడాది పొడుగునా చూసేవాళ్లకే ఏడాదిది గిట్టుబాటు.

ఆసియా కప్ హక్కులు 2031 దాకా సోనీవి. టోర్నీ మూడు వారాలే కాబట్టి ఆ నెలకి మాత్రం కట్టి ఆపేయండి. అబ్బాయి చూసే ఫార్ములా వన్ 2024 నుంచి ఫ్యాన్‌కోడ్‌లో ఉంది. అందులో ఒక్క రేసుకి విడిగా పాస్ దొరుకుతుంది. సీజనంతా కట్టేముందు నిరుడు ఎన్ని రేసులు చూశాడో అడగండి.

చాలామంది మోసపోయేది మొబైల్ ప్లాన్ దగ్గర. అది ఒక్క ఫోన్‌కే, టీవీ మీద పడదు. కొన్నాక టీవీలో రాలేదని పై ప్లాన్‌కి మారితే మళ్లీ డబ్బు. రోజుకి 2 జీబీ వచ్చే రీఛార్జితో చూసేవాళ్లు క్వాలిటీని 480కి తగ్గించుకోవాలి. పూర్తి హెచ్‌డీలో గంటకి ఒకటిన్నర జీబీ పైనే పోతుంది, రెండో ఇన్నింగ్స్‌కి నెట్ ఉండదు.

ప్రశ్న: యాప్ తీసేశాను, అయినా డబ్బు కట్ అయింది. ఎందుకు? (రావులపాలెం)

జవాబు: యాప్ తీసేస్తే చందా ఆగదండి. మీరు ఫోన్‌పేలోనో గూగుల్‌పేలోనో ఆటోపేకి, అంటే ప్రతిసారీ అడక్కుండా డబ్బు కట్ చేసుకోడానికి, ఒప్పుకొని ఉంటారు. ఆ డబ్బు కట్టే యాప్‌లో ప్రొఫైల్ తెరిచి ఆటోపే అన్న చోట రద్దు చెయ్యండి. కట్ అయ్యేదానికి 24 గంటల ముందు మెసేజ్ రావాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. వస్తుంది, మనమే చూడం.

ప్రశ్న: భారత్ ఆడే మ్యాచ్‌లు డీడీ స్పోర్ట్స్‌లో ఉచితమంటారు. మా కేబుల్లో ఆ టైముకి పాత ఆటేదో వేస్తున్నారు. కేబులాయన మోసమా? (రాజోలు)

జవాబు: కాదు, ఆయన తప్పేం లేదు. 2007లో వచ్చిన చట్టం ప్రకారం భారత పురుషుల జట్టు ఆడే వన్డేలు, టీ20ల ప్రసారాన్ని హక్కులు కొన్నవాళ్లు దూరదర్శన్‌ని నడిపే ప్రసారభారతికి ఇవ్వాలి. కానీ ఆ ప్రసారం దూరదర్శన్ సొంత యాంటెన్నాలకీ డీడీ ఫ్రీడిష్‌కీ మాత్రమేననీ, కేబుల్ ద్వారా వెళ్లకూడదనీ సుప్రీంకోర్టు 2017లో తేల్చింది. అందుకే ఒకే ఛానల్ మీ కేబుల్లో ఒకలా, పక్కింటి ఫ్రీడిష్‌లో ఇంకోలా వస్తుంది. ఐపీఎల్ ఈ చట్టంలోకి రాదు.

ఫ్రీడిష్‌కి నెలచందా లేదు, డిష్షు, బాక్సు, వైరు కొన్నప్పటి ఖర్చే. అయితే కోనసీమలో దానికి మూడు శత్రువులు. మొదటిది కొబ్బరి. శాటిలైట్ 93.5 డిగ్రీల తూర్పున ఉంది. మన వైపు నుంచి ఆగ్నేయంగా, కాస్త దక్షిణానికి, దాదాపు 66 డిగ్రీల ఎత్తులో చూడాలి. అంత ఎత్తు కాబట్టి దూరపు చెట్లు అడ్డు రావు, డాబా పక్కన నిలబడ్డ చెట్టు మట్టలు వస్తాయి. గాలి లేనప్పుడు బొమ్మ బాగుండి, గాలి వీచినప్పుడల్లా గళ్లు గళ్లుగా విరుగుతుంటే అది మట్ట పనే. డిష్షుని నాలుగడుగులు పక్కకి జరపండి, చెట్టు కొట్టక్కర్లేదు.

రెండోది ఉప్పుగాలి. ఎల్‌ఎన్‌బికి, అంటే డిష్షు ముందు కొమ్మకి ఉండే చిన్న పెట్టెకి, వైరు బిగించే పిన్నులో రాగి తీగకి చిలుము పడుతుంది. సిగ్నల్ రోజురోజుకీ తగ్గుతుంటే బాక్సు మార్చకండి. కరెంటు ఆపి పిన్ను విప్పండి, వైరు రెండంగుళాలు కోసి తీగ మెరిసేదాకా గీకి కొత్త పిన్ను బిగించి టేపు చుట్టండి. ఎల్‌ఎన్‌బి కింద వైరు చిన్న వంపుగా వేలాడాలి, లేకపోతే వాన నీరు దాని వెంటే పిన్నులోకి దిగుతుంది. మూడోది జోరువాన. దానికి చేసేదేం లేదు, తగ్గేదాకా ఆగాలి.

ప్రశ్న: అన్ని యాప్‌లూ ఒకే ఫైలులో 300 రూపాయలకే ఇస్తామని మెసేజ్ వచ్చింది. తీసుకోవచ్చా? (భీమవరం)

జవాబు: వద్దు. ప్లేస్టోర్లో లేని ఆ ఫైలు ఎక్కించగానే మెసేజ్‌లు చదివే అనుమతి అడుగుతుంది. ఇస్తే మీ బ్యాంకు ఓటీపీలు అవతలివాడికీ కనపడతాయి. ఇప్పటికే ఎక్కించి ఉంటే ముందు నెట్ ఆపండి, ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకి చెప్పి ఖాతా నిలిపించండి. డబ్బు పోయుంటే వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి.