ఆ 48 ఫ్రేములు: మేనకోడలికి ఒక లేఖ

చిరంజీవి మేనకోడలికి మామయ్య దీవించి రాయునది.

నువ్వు ఉద్యోగం మానేశావనీ, రెండేళ్లుగా ఇంటర్నెట్‌లో పెడుతున్న నీ కార్టూన్ సిరీస్‌ను పెద్దల కోసం పూర్తి నిడివి హాస్య చిత్రంగా తీయబోతున్నావనీ నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఆమె గొంతులో ఉన్న బెంగ నాకూ అంటుకుంది. కానీ ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టకపోవడానికి కారణం బెంగ ఒక్కటే కాదు. నీకు ఏడేళ్లప్పుడు నా బల్ల మీది నోటు పుస్తకం మూలల్లో పేజీకొక కప్పను గీసి, పేజీలు గబగబా తిప్పి దాన్ని గెంతించి చూపించావు. గెంతుతున్న కప్పను నువ్వు చూడలేదు, నేను ఎక్కడ నవ్వుతానో చూద్దామని నా ముఖం వంకే చూస్తూ నిలబడ్డావు. ఆ పిల్ల ఇప్పుడు సినిమా తీయబోతోందని తెలిస్తే నాకు గర్వంగా ఉండదా? అయితే ఈ పని నేనూ చేశాను, ఒక స్నేహితుడితో కలిసి చేసిన కార్టూన్ సిరీస్‌ను సినిమాగా తీసి ఒక చోట బాగా దెబ్బ తిన్నాను. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను, ఓపికగా చదువు.

నీకు తెలిసిన సంగతులను ఒక్కొక్క మాటలో చెప్పి దాటేస్తాను. కథ ముగింపు తేలకుండా బొమ్మలు మొదలుపెట్టకు. ప్రతి ఫైలుకూ మూడు ప్రతులు ఉంచు, అందులో ఒకటి వేరే ఇంట్లో ఉండాలి. మేము మొదట్లో ఫ్లాష్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవాళ్లం. ఫ్లాష్ ప్లేయర్‌కు 2020 డిసెంబర్ 31తో కాలం చెల్లింది కాబట్టి, ముందుగానే మామూలు వీడియోలుగా మార్చి పెట్టుకున్న ఎపిసోడ్లు తప్ప మిగిలినవి చూసుకోవడం ఈరోజు నాకు పెద్ద ప్రయాస. సిరీస్‌కు గొంతు ఇచ్చినవారు, సంగీతం కట్టినవారు, ఒక్క సంభాషణ రాసినవారు కూడా తమ పనిని సినిమాలో వాడుకోవడానికి ఒప్పుకుంటున్నట్టు కాగితం మీద సంతకం చేయాలి. స్నేహితులను కాగితం అడగడం తప్పుగా తోస్తుందని నాకు తెలుసు, అయినా అడుగు. పాటల విషయంలో మరీ జాగ్రత్త అవసరం. నీనా పేలీ అనే చిత్రకారిణి దాదాపు ఒంటరిగా తీసి 2008లో విడుదల చేసిన ‘సీతా సింగ్స్ ది బ్లూస్’లో 1920ల నాటి పాటలు వాడింది. ఆ పాత రికార్డింగులతో చిక్కు రాలేదు గానీ, వాటి రచన మీదా బాణీల మీదా హక్కులు అప్పటికి ఇంకా బతికే ఉండేవి. వాటి కోసం ఆమె సుమారు 50,000 డాలర్లు చెల్లించవలసి వచ్చింది. అన్ని బొమ్మలు ఒక్క చేత్తో గీసిన మనిషికి ఆ మొత్తం ఎంత బరువో నువ్వే ఊహించు.

ఇక లెక్క విషయం. మీ అమ్మ చెప్పినదాన్ని బట్టి 80 నిమిషాల సినిమా అనుకుంటున్నావు. సెకనుకు 24 ఫ్రేముల (తెర మీద ఒకదాని వెంట ఒకటి మారే నిశ్చల చిత్రాల) చొప్పున అది 1,15,200 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేముల పాటు నిలిపినా 57,600 బొమ్మలు. ఒక మనిషి రోజుకు నాలుగు సెకన్ల బొమ్మ పూర్తి చేయగలిగితే, సెలవన్నది లేకుండా 1,200 రోజులు పడుతుంది. అదే 65 నిమిషాలకు కుదించుకుంటే 225 రోజులు మిగులుతాయి. అమెరికా ఆస్కార్ నిబంధనల ప్రకారం 40 నిమిషాలు దాటితే చాలు, అది పూర్తి నిడివి చిత్రమే. నిడివిని పరువు సమస్య చేసుకోకు. హాస్య చిత్రం ఇంకాస్త ఉంటే బాగుండుననిపించి ముగిస్తే, బయటికి వచ్చినవారు దాని గురించి పది మందికి చెబుతారు.

బొమ్మ నాణ్యత గురించి నువ్వు పడుతున్న హైరానా మాత్రం అనవసరం. వెబ్ కోసం నువ్వు 1920 బై 1080 పిక్సెళ్ల కొలతలో గీస్తున్నావు. సినిమా హాలులో 2కె అనే డిజిటల్ ప్రదర్శనకు వాడే ‘ఫ్లాట్’ అనే తెర ఆకారం కొలత 1998 బై 1080. నిలువు కొలత రెండింటికీ ఒక్కటే, అడ్డంగా 78 పిక్సెళ్లే తేడా. పాత్రలన్నిటినీ కొత్తగా గీయాలని ఎవరైనా నిన్ను బెదిరిస్తే ఈ అంకెలు చూపించు. వెబ్‌కూ హాలుకూ అసలు తేడా వినడంలో ఉంది. చెవుల్లో హెడ్‌ఫోన్ పెట్టుకుని ఒక్కడే చూసేవాడికి గుసగుస కూడా వినిపిస్తుంది, వినిపించకపోతే వెనక్కి జరిపి మళ్లీ వింటాడు. హాలులో రెండు వందల మంది ఒకేసారి నవ్వితే ఆ నవ్వు కింద నీ తర్వాతి మాట నలిగిపోతుంది. పెద్ద నవ్వు రావలసిన చోట తర్వాతి రెండు క్షణాల్లో కథకు అవసరమైన మాట ఏదీ పెట్టకు. పాత్ర అలా నిలబడి ఉండనీ, అవసరమైతే కళ్లజోడు తుడుచుకోనీ.

ఎపిసోడ్లను దండలా గుచ్చితే సినిమా అవుతుందని అనుకోవడం లేదని నమ్ముతున్నాను. అమెరికా యానిమేటర్ డాన్ హెర్ట్జ్‌ఫెల్ట్ 2006, 2008, 2011 సంవత్సరాల్లో చేసిన మూడు లఘు చిత్రాలను 2012లో కలిపి 62 నిమిషాల చిత్రంగా విడుదల చేసిన మాట నిజమే. అయితే ఆ మూడూ మొదటి నుంచీ ఒకే మనిషి కథ, ఒక్కొక్కటి ముందుదాని కన్నా లోతుకు దిగుతుంది. నీ సిరీస్‌లో నేను చూసిన ప్రతి ఎపిసోడ్ చివరా పాత్రలు మొదటి స్థితికే తిరిగి వస్తాయి, వెబ్‌లో దాని అందం కూడా అదే. గంటకు పైగా కూర్చునే ప్రేక్షకుడికి మాత్రం, తిరిగి రాలేని మలుపు ఒక్కటైనా ఆ పాత్రలకు జరగాలి.

ఇప్పుడు నా తప్పు సంగతి చెబుతాను. ఇది మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు.

మా సిరీస్‌లో ఒక గుమస్తా, ఒక అధికారి ఉండేవారు. గుమస్తా సెలవు అడుగుతాడు, అధికారి కాగితం నుంచి తల ఎత్తకుండా “లేదు” అంటాడు. ఆ తర్వాత సరిగ్గా రెండు సెకన్లు, అంటే 48 ఫ్రేములు, ఏమీ జరగదు. గుమస్తా ఒక్కసారి రెప్ప వేస్తాడు. ఆ మౌనంలోనే, గొంతు ఇచ్చిన నా స్నేహితుడు మైకు దగ్గర అనుకోకుండా తీసిన ఒక చిన్న ఊపిరి వినపడుతుంది. నోరు తెరిచి, ఏదో అనబోయి, మానేసిన మనిషి ఊపిరి అది. ఎవరూ రాసింది కాదు. జనం నవ్వేది అక్కడే. ఆ గుమస్తాను సినిమా దాకా తెచ్చింది కూడా ఆ ఊపిరే.

సినిమాకు నాలుగేళ్లు పట్టింది. నాలుగేళ్లలో ఆ సన్నివేశాన్ని నేను కొన్ని వందల సార్లు చూసి ఉంటాను. మొదటి వారం నవ్వాను, మూడో నెలకు చిరునవ్వు మిగిలింది, రెండో ఏడు వచ్చేసరికి ఆ రెండు క్షణాలు నాకు చచ్చిపోయినట్టు కనిపించడం మొదలైంది. నాకు విసుగు పుట్టింది కాబట్టి హాస్యం చచ్చిందని తీర్పు ఇచ్చాను. ఒక రాత్రి 48ని 30 చేశాను. బాగుందనిపించింది, ఎందుకంటే కొత్తగా ఉంది. ఇంకో నెలకు 12 చేశాను. అప్పటికి ఊపిరి పట్టే చోటు లేక దాన్నీ కత్తిరించాను. ఖాళీగా ఉందనిపించి గుమస్తా కుర్చీ విరిగి పడేలా గీశాను. ఆ పడిపోవడానికి మూడు వారాలు కష్టపడ్డాను, ఇప్పుడు చూసినా దాని గీతల్లో లోపం కనిపించదు. ఆ ఒక్క సన్నివేశంతో ఆగలేదు. సినిమా మొత్తం అలాగే, నవ్వు మీద నవ్వు కప్పుతూ, మౌనాలన్నిటినీ మూసేశాను.

మొదటి ప్రదర్శన నాడు నేను చివరి వరుసలో కూర్చున్నాను. కుర్చీ విరిగినప్పుడు జనం ముఖాల మీద మర్యాదగా ఒక చిరునవ్వు కదిలిందే తప్ప నవ్వు రాలేదు. ముందు వరుసలో మా సిరీస్‌ను మొదటి నుంచీ చూస్తున్న కుర్రవాళ్లు కొందరు ఆ చోటు వస్తోందని తెలిసి ముందే నవ్వడానికి సిద్ధమై, అది దాటిపోయాక ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. దీపాలు వెలిగాక నా స్నేహితుడు దగ్గరికి వచ్చాడు. తిట్టలేదు. “నా ఊపిరి ఏదిరా?” అని మాత్రం అడిగాడు.

ఆ రాత్రే ఇంటికి వెళ్లి అసలు రికార్డింగు కోసం వెతికాను. దొరకలేదు. డిస్కులో చోటు చాలడం లేదని, కత్తిరించిన ముక్కలను పాత ఫైళ్ల పేరుతోనే భద్రపరుస్తూ వచ్చాను, అసలువి వాటి కింద తుడిచిపెట్టుకుపోయాయి. పాత వెబ్ వీడియోలో ఉన్న ఊపిరి సంగీతంతో కలిసిపోయి ఉంది, విడదీయడం చేతకాలేదు. స్నేహితుణ్ని మళ్లీ మైకు ముందు నిలబెట్టాను. పాపం, రెండు గంటలు ప్రయత్నించాడు. ఊపిరి తీయమంటే వచ్చే ఊపిరి వేరు, తనకు తెలియకుండా వచ్చినది వేరు. పైగా నాలుగేళ్లలో గొంతు కూడా బరువెక్కింది. చివరికి “వదిలెయ్యరా” అన్నాడు. సినిమా అలాగే బయటికి వెళ్లింది. మేము ఇప్పటికీ మాట్లాడుకుంటాం, కానీ ఆ సినిమా పేరు ఇద్దరం ఎత్తము.

ఇది చదివి నీకు అలా జరగదని అనుకుంటావని తెలుసు. అందుకే కోపం వస్తోంది నాకు. ఇది తెలివి తక్కువతనం వల్ల వచ్చే తప్పు కాదు. యానిమేషన్‌లో హాస్యం చేసే ప్రతివారినీ కాలమే ఈ గోతి దగ్గరికి నడిపిస్తుంది. నాటకం ఆడేవాడికి నవ్వు అప్పటికప్పుడే అందుతుంది. నువ్వు ఈ రోజు గీసిన నవ్వు నీకు తిరిగి అందేది మూడేళ్ల తర్వాత. ఆ మధ్యలో నిన్ను నువ్వు నమ్మకూడదు.

కాబట్టి ఈ పని తప్పనిసరిగా చెయ్యి. గొంతులు రికార్డు చేసి, స్టోరీబోర్డు బొమ్మలను (సన్నివేశాల చిత్తు బొమ్మలను) వాటికి జత చేసి యానిమాటిక్ అనే ఆ చిత్తు సినిమా తయారవగానే, రంగులు వేయకముందే, నీ సిరీస్ ఎన్నడూ చూడని ఎనిమిది పది మందిని కూర్చోబెట్టి అది మొత్తం చూపించు. అభిమానులను పిలవకు, వాళ్లు పాత నవ్వును గుర్తు తెచ్చుకుని నవ్వుతారు. నువ్వు తెరకు పక్కగా, వాళ్లకు ఎదురుగా కూర్చుని, ఏడేళ్లప్పుడు నా ముఖం వంక చూసినట్టే వాళ్ల ముఖాలు చూడు. ఎవరు నవ్వినా ఆ ఫ్రేము సంఖ్య పుస్తకంలో రాసుకో. తర్వాత నీకు ఎంత విసుగు పుట్టినా, అలా పుస్తకంలో రాసుకున్న చోటును మళ్లీ కొత్తవాళ్ల ముందు పరీక్షించకుండా తాకకు. ఆ యానిమాటిక్‌నూ, గొంతుల అసలు రికార్డింగులనూ, దగ్గులతో తడబాట్లతో సహా, ఒక డిస్కులో వేసి మీ అమ్మకు ఇచ్చెయ్యి. తాళం తన దగ్గరే ఉండనీ. వీలైతే పాత్రధారులందరినీ ఒకే గదిలో రికార్డు చెయ్యి. ఒకరి మాట మీద ఒకరు పడినప్పుడు పుట్టే నవ్వు విడివిడిగా చేస్తే పుట్టదు.

పెద్దలకు మాత్రమే అన్న మాట గురించి కూడా ఒకటి చెప్పాలి. కార్టూన్ అనగానే పిల్లలదని అనుకునేవారు ఎప్పుడూ ఉంటారు. కనుక పోస్టరు మీద, మొదటి నిమిషంలోనే, ఇది పిల్లలకు కాదని స్పష్టంగా తెలియాలి. అయితే బూతు మాట మొదటిసారి ఉలిక్కిపడేలా చేస్తుంది, ఇరవయ్యోసారికి ఎవరి చెవికీ తగలదు. నీ సిరీస్‌లో నాకు నచ్చిన ఎపిసోడ్, విడాకులు తీసుకున్న భార్యాభర్తలు ఇద్దరూ బల్బు మార్చడానికి ఒకే నిచ్చెన కోసం వాదులాడేది. అందులో ఒక్క చెడ్డ మాట లేదు, అయినా పిల్లవాడికి అర్థం కాదు. పెద్దల హాస్యమంటే నా మనసులో అదే.

చేతి సంగతి మరచిపోకు. గంటకోసారి పెన్ను దించి మణికట్టు తిప్పు, లేచి దూరంగా చూడు. మూడో సంవత్సరంలో నా బొటనవేలు మొద్దుబారితే ఆరు వారాలు గీత గీయలేకపోయాను. నీ చెయ్యి అలా కావడం నేను చూడలేను. డబ్బు చాలకపోతే నన్ను అడుగు, మొహమాట పడితే కోపగించుకుంటాను.

ఒక సంగతి ఇన్నాళ్లూ నీకు చెప్పలేదు. నీ సిరీస్‌లో చివరి ఆరు ఎపిసోడ్లు నేను చూడలేదు. ఎందుకు చూడలేదని మీ అమ్మ రెండుసార్లు నిలదీసింది. నువ్వు ఎప్పుడో ఒకప్పుడు దీన్ని సినిమాగా తీస్తావని నాకు అనుమానంగా ఉండేది. ఆ పాత్రలకు సంబంధించి నాకు తెలియనిది కొంతైనా మిగిలి ఉండాలనే ఆగాను. యానిమాటిక్ సిద్ధమైన రోజున కబురు పెట్టు. ఆ ఎనిమిది పది మంది పక్కన నన్నూ కూర్చోబెట్టు.

ఇట్లు,
మీ మామయ్య