మెనూ కనిపిస్తుంది, ఆ తర్వాతే చీకటి

ప్రశ్న: మాది నరసరావుపేటలో చిన్న జిరాక్స్ షాపు. కొత్త సీపీయూకి హెచ్‌డీఎంఐ ఒక్కటే ఉంటే, కన్వర్టర్ పెట్టి పాత 15 అంగుళాల మానిటర్‌కు కలిపాను. విండోస్ పక్కనే లినక్స్ మింట్ వేశాను. ఏ సిస్టమ్ కావాలో అడిగే మెనూ బాగానే వస్తుంది, ఎంటర్ కొట్టగానే ‘ఔట్ ఆఫ్ రేంజ్’ అంటుంది. డెస్క్‌టాప్‌లో 1024×768 పెట్టుకున్నాను కాబట్టి అక్కడికి చేరాక బొమ్మ వచ్చేది. మొన్న కరెంటు పోయి వచ్చాక మధ్యలోనే ఆగిపోయింది. ఏం అడుగుతోందో చదవలేక టెన్షన్‌గా ఉంది. అంతకుముందే గ్రబ్ (ఆ మెనూ చూపించే ప్రోగ్రామ్) ఫైల్‌లో ‘జీఎఫ్ఎక్స్ మోడ్’ మార్చి చూశాను, లాభం లేదు.

జవాబు: మీరు మార్చింది తప్పేం కాదండీ, కాకపోతే అది మెనూ వరకే. ఎంటర్ కొట్టాక తెర కెర్నల్ (లినక్స్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) చేతికి వెళ్తుంది. అది మానిటర్‌ను ‘నీకు ఏ సైజులు వచ్చు?’ అని అడుగుతుంది. మీ దగ్గర మధ్యలో కన్వర్టర్ ఉంది. కొన్ని కన్వర్టర్లు మానిటర్ మాట అందించకుండా 1920×1080 అని సొంతంగా చెప్పేస్తాయి, పెళ్లిళ్ల పేరయ్య అబ్బాయి జీతం పెంచి చెప్పినట్టు. నాకు మీ కన్వర్టర్ మీదే అనుమానం.

ఇంతకుముందు ఈ తిప్పలు వేరుగా ఉండేవి. బూట్ లైనులో ‘వీజీఏ=791’ అని రాస్తే 1024×768 వచ్చేది. మా ల్యాబ్ గోడ మీద ఆ అంకెను సుద్దముక్కతో రాసి పెట్టాను. 2009లో 2.6.29 కెర్నల్ వచ్చి, ముందుగా ఇంటెల్ చిప్‌లకు, తెర సైజును తానే పెట్టడం మొదలుపెట్టాక ఆ గోడ రాత పనికిరాకుండా పోయింది.

ఇప్పుడు మెనూలో మింట్ మీద ఉండి ‘ఈ’ నొక్కండి. ‘లినక్స్’ అనే పదంతో మొదలయ్యే పెద్ద లైనులో ‘క్వయిట్ స్ప్లాష్’ ఉంటుంది. ఆ రెండు పదాలూ తీసేసి, ఖాళీ వదిలి ‘వీడియో=1024ఎక్స్768@60’ కొట్టండి. అన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాలే, మధ్యలో ఖాళీలు ఉండకూడదు. ఎఫ్10 నొక్కితే బూట్ అవుతుంది. ఇది ఈ ఒక్కసారికే కాబట్టి పొరపాటు జరిగినా రీస్టార్ట్ చేస్తే పోతుంది.

రెండు తెరలున్నవాళ్లు మాత్రం కనెక్టర్ (తెర తగిలించిన పోర్టు) పేరు కూడా రాయాలి. ఎక్స్‌ర్యాండర్ (డెస్క్‌టాప్‌లో తెరల వివరాలు చూపే కమాండ్) చూపించిన ‘హెచ్‌డీఎంఐ-1’ రాసి నేనో సాయంత్రం పోగొట్టుకున్నాను. కెర్నల్‌కు అది ‘హెచ్‌డీఎంఐ-ఏ-1’.

తెర మీద ‘ఇనిట్‌రామ్ఎఫ్ఎస్’ అని కనబడి ఆగితే, పైన ఏ పార్టిషన్ పేరు చెప్పిందో దాని మీద ‘ఎఫ్ఎస్‌సీకే’ (డిస్కులో తప్పులు సరిచేసే కమాండ్) నడపమంటున్నట్టే. కస్టమర్ల ఫైళ్లు ముఖ్యమైతే ముందు లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి కాపీ తీసుకోండి.

సిస్టమ్ మామూలుగా తెరుచుకున్నాక, మీరు మార్చిన గ్రబ్ ఫైల్‌లోనే ‘సీఎండీలైన్ లినక్స్ డిఫాల్ట్’ కొటేషన్ల లోపల ఆ వీడియో మాట చేర్చి, టెర్మినల్‌లో సూడోతో (అడ్మిన్ హక్కుతో) ‘అప్‌డేట్-గ్రబ్’ కొట్టండి. వేరే కన్వర్టర్ దొరికితే మాత్రం ముందు అది పెట్టి చూడండి, బహుశా ఇదేదీ అక్కర్లేదు.